సరుకు లేని ప్రయాణం

మా నాన్న పడవ నడిపేవాడు. తాడేపల్లి నుంచి కాలవ మీద పెదగంజాం దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి మళ్ళీ వెనక్కి. పోయేటప్పుడు బియ్యం బస్తాలు, మిరపకాయలు కుక్కిన గోనె టిక్కీలు. వచ్చేటప్పుడు ఉప్పు, సరుగుడు కట్టెలు. పెళ్ళయిన కొత్తలో అమ్మ కూడా ఆ పడవ మీదే కాపురం చేసింది. టిక్కీల మీద చాప పరుచుకుని పడుకునేదట. తుమ్మీ తుమ్మీ ముక్కు పుండయ్యేదట. నన్ను బళ్ళో వేసే వయసు వచ్చేసరికి, ఇక నావల్ల కాదని, తాడేపల్లిలో ఒక గది అద్దెకు తీసుకుని ఒడ్డునే ఉండిపోయింది. అప్పటినుంచీ నాన్న మాకు చుట్టంలా వచ్చిపోయేవాడు.

ఎనభైల మొదట్లోకి వచ్చేసరికి సరుకంతా రోడ్డెక్కేసింది. పడవ కాలవ గట్టున కట్టేసి ఉండేది. నేను అప్పటికి మిషన్ బళ్ళో టీచరుగా చేరాను. పొద్దున బడికి వెళ్తూ చూస్తే నాన్న పడవలో కూర్చుని ఊరికే తాళ్ళు విప్పి మళ్ళీ చుడుతుండేవాడు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలకు కూర్చున్నాం. నాన్న పళ్ళెంలోంచి తలెత్తకుండానే అన్నాడు.

"ఏమే, ఈసారి నిన్ను పెదగంజాం తీసుకుపోతా. టిక్కీలుండవు, బస్తాలుండవు. పడవలో నువ్వే. సముద్రపు గాలి తగిలేచోట లంగరేసుకుని నాలుగు రోజులుండి వద్దాం."

"ఈ వయసులో షికార్లేంటయ్యా, ఎవరన్నా వింటే నవ్వుతారు," అంది అమ్మ. కానీ ఆ సాయంత్రం పక్కింటావిడతో తనే చెప్పింది, మేం పడవ మీద సముద్రం దాకా పోతున్నామని.

క్రిస్మస్ సెలవుల్లో బయల్దేరాలనుకున్నాం. చలికాలం ఉత్తరపు గాలి ఉంటుంది, కాలవ వాలు కూడా అటే, తెరచాప ఎత్తితే పడవ దానంతటదే పోతుందని నాన్న లెక్క. బయల్దేరేముందు అడుగు ఒకసారి చూసుకుందామని పడవను గట్టుమీదికి లాగించాడు. అక్కడ మొదలైంది. ఒక పలక చీకిపోయిందని తీయబోతే దాని పక్కది చేతిలోకి పొడిపొడిగా వచ్చింది. దాని కింది అడ్డకర్ర కూడా పుచ్చిపోయింది. వడ్రంగిని పిలిపించాడు. అతను పాత మేకు ఒకటి లాగి నాన్నకు చూపించాడు. అది తుప్పుపట్టి సూదిలా సన్నగా అయిపోయింది.

"పైపైన అతుకు వేస్తే ఈ ఏడాదికి పోతుందండీ. అంతా సరిచెయ్యాలంటే మాత్రం నెలలు పడుతుంది," అన్నాడు వడ్రంగి.

"అతుకులేస్తే చాల్లే, పోయొద్దాం," అంది అమ్మ.

నాన్న ఒప్పుకోలేదు. "ఇన్నేళ్ళూ నిన్ను బస్తాల మీద తిప్పాను. ఇప్పుడు చీకిన పలకల మీద తిప్పమంటావా?"

జనవరి పోయింది, ఫిబ్రవరి పోయింది. పలకల సందుల్లో జనపనార కొట్టి, తారులాంటి కీలు కాచి పూశారు. అమ్మ పాత తెరచాపకు చిరుగులన్నీ కుట్టింది. బడికి ఎండాకాలం సెలవులిచ్చేసరికి పడవ సిద్ధమైంది. గాలి మాత్రం అప్పటికి దక్షిణానికి మళ్ళింది.

"గాలి ఎదురైతే ఏం, వాలు ఉంది కదా," అన్నాడు నాన్న. గడ వేయడం నాకు చిన్నప్పుడే వచ్చు. మేం ముగ్గురమే బయల్దేరాం.

మొదటి రోజు నాకు ఇప్పటికీ బాగా గుర్తు. అమ్మ ముందు భాగంలో తాటాకు గూడు నీడన కాళ్ళు చాపుకుని కూర్చుంది. పడవలో సరుకు లేకపోవడంతో నీళ్ళు అడుగున తగిలే చప్పుడు వినపడుతోంది. గట్టు మీద గేదెలు తోలుకుపోయే ఒకావిడ, "ఎక్కడికమ్మా ప్రయాణం?" అని కేకేసింది.

"పెదగంజాం!"

"ఏముందక్కడ?"

"ఏమీ లేదు. ఊరికే!" అని అమ్మ గట్టిగా నవ్వింది. ఆమె అలా బయట పదిమందికీ వినపడేలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

కాలవ ఒక మలుపు తిరిగేచోట గాలి పక్కనుంచి వచ్చింది. నాన్న తెరచాప ఎత్తాడు. పడవ ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలింది. చుక్కాని దగ్గర నిలబడి, "చూశావా?" అన్నాడు నాన్న. "చూశాలే," అంది అమ్మ. ఆ గాలి కాసేపే ఉంది.

దుగ్గిరాల దగ్గర వంతెన కిందినుంచి పోవడానికి తెరచాప కొయ్యను వాల్చాలి. వాలుస్తుంటే కొయ్య మొదలు దగ్గర ఫెళ్ళుమని చప్పుడైంది. కొయ్య నిలబెట్టే దిమ్మ నిలువునా చీలిపోయింది. మిగతా పడవంతా బాగుచేసుకున్నాడు గానీ, గట్టి టేకు కదా అని ఆ దిమ్మ జోలికి పోలేదు నాన్న. చీలిక మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

"కొయ్య అడ్డంగా పడుకోబెట్టు. వాలులో పోదాం. గాలి ఎట్లాగూ ఎదురే కదా," అంది అమ్మ.

"తెరచాప లేకుండా పోతే అది పడవా? తొట్టి."

"తొట్టే అనుకో. నాకేం నామోషీ లేదు."

నాన్న వినలేదు. పడవను లాకుల దగ్గర రేవులో కట్టేసి తెనాలి కలప అడితికి వెళ్ళాడు. తగిన దుంగ దొరకలేదు. మళ్ళీ వెళ్ళాడు. దుంగ దొరికేసరికి అక్కడి వడ్రంగి ఏదో పెళ్ళికని ఊరెళ్ళాడు. అతను వచ్చి దిమ్మ చెక్కితే అది పాత గూట్లో పట్టలేదు. ఈలోగా అమ్మ ఆ రేవుతో కలిసిపోయింది. బట్టలు ఉతుక్కునేవాళ్ళతో కబుర్లు చెప్పేది. గట్టున మూడు రాళ్ళు పెట్టి గోంగూర పచ్చడి నూరి అందరికీ పంచేది. నాన్నను భోజనానికి పిలిస్తే పడవ అడుగునుంచి, "మీరు కానివ్వండి, ఇప్పుడే వస్తున్నా," అని గొంతు వినపడేది. ఆయన వచ్చేసరికి కూర చల్లారిపోయేది.

లాకుల దగ్గర పనిచేసే ఆయన ఒక మధ్యాహ్నం వచ్చి పడవ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"బాబాయ్, ఈసారి కాలవకు నీళ్ళు ముందుగానే కట్టేస్తారంటున్నారు. పోతే ఇప్పుడే పో. లేదంటే వెనక్కి తిరుగు."

"ఇంకొక్క రోజు. బిగింపు ఒక్కటే మిగిలింది," అన్నాడు నాన్న.

ఆ బిగింపు ఒక్క రోజులో అవలేదు.

దుగ్గిరాల వదిలాక నాన్న ఎక్కడా ఆగనివ్వలేదు. కొత్త దిమ్మ మీద కొయ్య నిటారుగా నిలబడింది గానీ ఎదురుగాలికి తెరచాప ఎత్తే పనే పడలేదు. చేబ్రోలు దాటాక గుర్రపుడెక్క చుక్కానికి చుట్టుకుంది. విడిపించబోతే చుక్కాని ఇనుప కొక్కెం ఊడి నీళ్ళలో పడింది. నాన్న మునిగి మునిగి వెతికాడు. చివరికి తాడుతో కట్టి పని కానిచ్చాడు. ఆ సాయంత్రం నీళ్ళు తోడుకోవడానికి వంగి నేను గట్టు వైపు చూశాను. నీటి అంచుకు పైన తడి మట్టి పట్టీలా కనిపించింది. పొద్దుట ఆ పట్టీ లేదు.

"నాన్నా, నీళ్ళు తీస్తున్నాయి."

ఆయన అప్పటికే చూశాడు. గడ అందుకుని నాతోపాటు బలంగా నెట్టడం మొదలుపెట్టాడు. మర్నాడు పొద్దెక్కేసరికి పడవ బురదలో ఒరిగింది. ఆ చోట ఊరు కూడా లేదు. ఒక పక్క పత్తి కోసేసిన చేలు, ఇంకో పక్క కల్లంలో ఆరబోసిన మిరపకాయలు. కల్లంలో పనిచేసేవాళ్ళు వచ్చి కాసేపు వింతగా చూసి, మాకు కడవతో మంచినీళ్ళు తెచ్చిచ్చి వెళ్ళారు.

అక్కడే ఉన్నాం కొన్నాళ్ళు, పైనుంచి ఇంకాస్త నీళ్ళు రాకపోతాయా అని. రాలేదు. ఒక మధ్యాహ్నం అందరం ఒరిగిన పడవ నీడలో కూర్చున్నాం. నాన్న అన్నాడు.

"దుగ్గిరాలలో ఆగకుండా ఉంటే ఈపాటికి అక్కడుండేవాళ్ళం. నువ్వు చెప్పావు. నేనే వినలేదు."

అమ్మ మెల్లగా అంది, "ఆగినందుకు నాకేం బాధ లేదయ్యా. ఆ రేవులో బాగానే ఉంది. నువ్వొచ్చి పక్కన కూర్చుంటావనుకున్నా. ఎప్పుడు చూసినా పలకల కిందే ఉన్నావు."

నాన్న ఆమె వైపు చూశాడు. చేతికున్న కీలు మరక గోకుతూ ఉండిపోయాడు.

నేనూ అమ్మా పొలాలకు అడ్డంపడి రోడ్డు మీదికొచ్చి ఎర్రబస్సెక్కి ఇంటికి వచ్చేశాం. నాన్న రాలేదు. ఎండకు పలకలు నెర్రెలిస్తాయని గోనెపట్టాలు తడిపి కప్పుతూ, మడుగుల్లో మిగిలిన నీళ్ళు మోసి పోస్తూ, కాలవకు మళ్ళీ నీళ్ళు వదిలేదాకా అక్కడే ఉన్నాడు. కాలవకు నీళ్ళు వచ్చాయని తెలిసి వెళ్ళాను. నీళ్ళు పడవ చుట్టూ తిరిగి, సందుల్లోంచి లోపలికి పోయాయి. చుట్టూ కాలవ నిండింది గానీ పడవ లేవలేదు. నాన్న నడుముల్లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి గట్టెక్కి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "పద," అన్నాడు. పడవ కలపను ఆ చుట్టుపక్కలవాళ్ళు విప్పుకుపోయారని తర్వాత ఎవరో చెప్పారు.

ఆ తర్వాత ఆయన మార్టూరు దగ్గర రాళ్ళు పాలిష్ చేసే చోట వాచ్‌మన్‌గా కుదిరాడు. అమ్మ కూడా వెళ్ళి అక్కడ రేకుల గదిలో ఉంది. పెదగంజాం అక్కణ్ణుంచి పెద్ద దూరం కాదు. బస్సులో వెళ్ళొద్దామని సెలవులకు వెళ్ళినప్పుడల్లా నేను అడిగేదాన్ని. "బస్సులోనా, వద్దులే," అనేవాడు నాన్న. అమ్మ ఆయన ముఖం చూసి, "ఎండగా ఉందిలే, మళ్ళీసారి పోదాం," అనేది. ఆయనకు చిన్నతనంగా ఉంటుందని ఆమె, ఆమె మనసు విరిగిందని ఆయన వెనకాడేవాళ్ళు. ఇద్దరికీ వెళ్ళాలనే ఉందని నాకు తెలుసు. గట్టిగా చెప్పి ఇద్దర్నీ బస్సెక్కించి ఉంటే వచ్చేవాళ్ళేమో.

ఎనభైలు ముగిసేలోపే అమ్మ జబ్బుచేసి పోయింది.

అమ్మ జ్ఞాపకార్థ కూడిక కూడా అయ్యాక ఒకసారి మార్టూరు వెళ్ళాను. నాన్న టీ కాచి ఇచ్చాడు. ఇద్దరం గది బయట స్టూళ్ళ మీద కూర్చున్నాం. రాళ్ళు కోసే చప్పుడు ఆగినప్పుడల్లా ఏదో ఒకటి మాట్లాడుకుంటున్నాం.

"నాన్నా, ఒకసారి పెదగంజాం పోయొద్దామా?" అన్నాను.

"ఎవరితో?" అన్నాడు.

నేను ఉన్నాను కదా అని అనబోయి మానుకున్నాను. ఆయన ఖాళీ గ్లాసులు రెండూ తీసుకుని కడగడానికి లేచాడు.