రెండు మాడిన స్పీకర్లు

నిన్న ఒక స్క్రూ కోసం సొరుగంతా తిరగేస్తుంటే వడియాలంత రెండు మాడిన స్పీకర్లు చేతికి తగిలాయి. పాడైన వస్తువు పారెయ్యలేని జబ్బు నాకు పాతదే. మా ఆవిడ వాటిని చెత్త అంటుంది, నేను స్పేర్లంటాను. వీటిని మాత్రం స్పేర్లని నేనూ అనలేను.

అవి మా తమ్ముడి హెడ్‌సెట్‌లోవి. ఒకప్పుడు ప్రత్తిపాడు దగ్గర పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగు మిల్లులో నేను ఎలక్ట్రీషియన్ని, వాడు మిషన్ల మీద. నేను త్వరగానే బయటపడి మిక్సీలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాను, వాడు అక్కడే ఉండిపోయాడు. చీరాలలో నర్సింగు చదివే కూతురు వాడికి ఆ హెడ్‌సెట్ కొనిచ్చింది. ఆదివారం మధ్యాహ్నాలు పిల్ల హాస్టల్లోంచి, వీడు ఇంట్లోంచి సెల్‌ఫోన్లలో తుపాకుల ఆట ఆడేవాళ్ళు. అది తల్లి లేని పిల్ల, వీడేమో మాట తక్కువ మనిషి. ఆ కాల్పుల మధ్యే తండ్రీకూతుళ్ళు కబుర్లు చెప్పుకునేవాళ్ళు. "నాన్నా, వెనకాల!" అని అది అరిచేలోపే వీడు చచ్చేవాడు. యాభై దాటిన మనిషి వారం వారం అలా చస్తుంటే చూసి తెగ నవ్వేవాణ్ణి.

ఒకరోజు, పిల్ల గొంతు తగ్గి తగ్గి అసలు రావట్లేదని హెడ్‌సెట్ పట్టుకొచ్చాడు. మీటరు పెట్టి చూస్తే రెండు స్పీకర్లూ పోయాయి, లోపల కాయిల్ మాడిపోయింది. "సౌండు అంత పెంచితే ఉంటాయేంట్రా?" అని కసిరాను. ఎందుకు పెంచాడో అడగాలని తట్టలేదు. గుంటూరు నుంచి అదే సైజువి తెప్పించి, చెవి మెత్తలు ఊడదీసి, వెంట్రుకల్లాంటి తీగలు ఒక్కొక్కటే అతికించాను. వాడు తలకి పెట్టుకుని కూతురికి ఫోన్ కలిపాడు.

"రావట్లేదన్నయ్యా. తీగ ఎక్కడో తప్పు అతికించావు."

విప్పి మళ్ళీ అతికించాను. రాలేదన్నాడు. మూడోసారి ఒళ్ళు మండి, లాక్కుని నేనే పెట్టుకున్నాను. చెవులు గింగుర్లెత్తాయి. "నాన్నా, వినిపిస్తోందా? నాన్నా!" అని పిల్ల గొంతు చించుకుంటోంది. వాడు నా పెదాలకేసే చూస్తున్నాడు. ఎన్నాళ్ళనుంచో వాడు మా మాటలు చెవులతో వినడం లేదని నాకప్పుడు అర్థమైంది.

"వచ్చిందా?" అన్నాడు ఆశగా. తలూపాను. వాడు హెడ్‌సెట్ తీసుకుని, దాని తీగ మెల్లగా చుట్టుకున్నాడు.

మిల్లులో చేరిన మొదటి రోజు, ఆ మోత భరించలేక వాడు చెవుల్లో ఇంత దూది కుక్కుకుని నిలబడ్డాడు. చుట్టూ గుట్టలుగా పత్తి. నేనే వెళ్ళి, "ఒరేయ్, చెవుల్లో దూది శవానికి పెడతార్రా!" అని పదిమందిలో లాగిపారేశాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. మళ్ళీ ఎప్పుడూ పెట్టుకోలేదు. వాడు ఇప్పటికీ నన్నో మాట అనలేదు, నేనూ క్షమించమని అడగలేదు, సిగ్గేసి.

హెడ్‌సెట్ భేషుగ్గా పనిచేస్తోంది, వాళ్ళింట్లో మేకుకి వేలాడుతూ. ఆదివారాలు పిల్ల వీడియోలో పెదాలు మెల్లగా కదుపుతూ మాట్లాడుతుంది. ఆ దూది లాగడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణం వాడి చెవుల్లో ఇరవై ఏళ్ళు పనిచేసింది.