చిక్కుడు తీగ ఎటు చుట్టుకుంటుంది

మా బొమ్మల టీచరమ్మ పోయింది. కొండాపూర్‌లో ఓ ఆఫీసు అద్దానికి స్టిక్కర్ అంటిస్తూ నిచ్చెన మీద ఉండగా ఫోన్ వచ్చింది. ఆదివారం క్లాసుకు నాతోపాటు వచ్చే హాస్టల్ అమ్మాయి చేసింది. "అన్నా, టీచరమ్మ నిద్రలనే పోయిందంట," అంది. నేను వెంటనే దిగలేదు. చేతిలో ఉన్న స్టిక్కర్‌ను బుడగ లేకుండా చివరిదాకా రుద్ది, అప్పుడు దిగాను. పని సగంలో వదిలేసి వస్తే ఆమే తిట్టేది.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరినీ క్షమించినట్టు రాయాలంటారు. నేను అట్లా రాయను. ముందే చెప్తున్నాను.

టీచరమ్మది కడప వైపు. పాఠ్యపుస్తకాలకు మొక్కల బొమ్మలు వేసి బతికిన మనిషి. గోడకు తగిలించుకునే పూల బొమ్మలు కావు అవి. బొమ్మ చూసినవాడు అడవిలోకి పోయి ఆ చెట్టునే గుర్తుపట్టాలి, అంత నిజంగా ఉండాలి. నేను పనిచేసే స్టిక్కర్ల షాపు తరఫున నిజాంపేటలో వాళ్ళ అపార్ట్‌మెంట్‌కు ఫ్లాట్ నంబర్లు అంటించడానికి వెళ్ళినప్పుడు, మేడ మీద చిక్కుడు పందిరి ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. వీడియోలు చూసి నేర్చుకుని నేను వేసిన పూలు ఫోన్లో చూపించాను.

"ఇదేం పువ్వబ్బీ?"

"పువ్వే, టీచరమ్మా."

"దీని ఆకు ఎట్లుంటాది?"

"ఆకు సూడలే."

"చూడకుండా వేస్తే అది నీ మనసులో పువ్వు. దానికి కాయ కాయదు. ఆదివారం రా."

వెళ్ళాను. ఖరీదైన రంగులు తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్ వాళ్ళ మధ్య నాకు కూడా అంతే చాప, అంతే చీవాట్లు. స్టీలు టిఫిన్ డబ్బాలో తడిగుడ్డ పరిచి, దాంట్లో కొమ్మ తెచ్చి మా ముందు పెట్టేది. "ఆకు ఆగుతాది, పువ్వు ఆగదు. ముందు పువ్వు సంగతి చూడండి," అనేది. కుంచెను నోట్లో పెట్టుకోవద్దని మమ్మల్ని తిట్టి, తను మాత్రం పెదాల మధ్యే మొన తీర్చుకునేది. క్లాసు అయ్యేసరికి పెదాలు ఆకుపచ్చగా ఉండేవి. ఎవరైనా నవ్వితే, "రంగు రుచి నాకు తెలుసు, మీకెందుకు?" అనేది. ఒకతను ఆకు మీద పురుగు తిన్న బొక్కను వెయ్యకుండా నున్నగా నింపేస్తే, "ఆ పురుగు నీకేం అన్యాయం చేసింది సామీ? దాని భోజనం ఎందుకు చెరిపినావు?" అంది.

ఒక్క విషయంలో మాత్రం ఆమె అస్సలు తగ్గేది కాదు. చిక్కుడు తీగ ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే ఎక్కుతుంది. ఏ కర్ర పాతినా, ఎటు నుంచి ఎండ కొట్టినా అంతే. మేము ఓసారి సరదాకు ఒక తీగను విప్పి ఎదురు చుట్టి వెళ్ళాం. మరో ఆదివారానికి దాని కొస మళ్ళీ తన దారినే పోతోంది. "మీ మేనేజర్లు చెప్తే మీరు తిరుగుతారు. అది తిరగదు," అని పందిరి కింద ఒక్కతే నవ్వుకుంది.

మాదాపూర్‌లో ఓ కంపెనీ వాళ్ళు ఆమె చిక్కుడు బొమ్మను అడిగి తీసుకున్నారు. లాబీలో రోడ్డు వైపున్న పెద్ద అద్దానికి, రెండు వైపుల నుంచీ బొమ్మ కనపడే పల్చటి స్టిక్కర్ మీద ముద్రించి వేయించారు. వేసింది వేరే షాపు. చూడమని పిలిస్తే టీచరమ్మ పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. తీగ కుడి నుంచి ఎడమకు ఎక్కుతోంది. బొమ్మను ఎడమది కుడికి తిప్పి అచ్చేశారు. కింద ఆమె పేరు.

వాళ్ళ డిజైన్ హెడ్ నవ్వాడట. "లిఫ్టుల వైపు బ్యాలెన్స్ కోసం ఫ్లిప్ చేశామండి. ఎవరు చూస్తారండి మేడం?"

"నేను చూస్తాను కదా నాయనా."

అప్పటినుంచి తీగను సరిచెయ్యమని ఆ ఆఫీసు చుట్టూ తిరిగింది. విజిటర్ స్టిక్కర్ చీరకు అంటించుకుని, లాబీలోని సోఫాలో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. మీటింగులో ఉన్నారు అనేవాళ్ళు. మళ్ళీ వెళ్ళేది. చివరికి, తీగ మార్చలేకపోతే పేరైనా తీసెయ్యండి అంది. అది మాత్రం గబగబా ఒప్పుకున్నారు. గీకే పని మా షాపుకు వచ్చింది. నన్నే పంపారు.

బ్లేడు పట్టుకుని ఆమె పేరు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆమె పక్కనే నిలబడింది.

"టీచరమ్మా, జర చెప్పు. మొత్తం పీకేస్త."

"నీ కూడు పోతాది. గీకబ్బీ. అబద్ధం కింద నా పేరొద్దు."

గీకాను. ఆమె వంగి, గాజు మీద మిగిలిన జిగురును కొంగుతో తుడిచింది. ఆ కొంగు నేను మర్చిపోను. ఆ డిజైన్ హెడ్‌ను కూడా మర్చిపోను.

ఆమె పోయిందని తెలిసి ఆ డిజైన్ హెడ్‌కు దుఃఖం పొంగుకొచ్చింది. లాబీలో సంతాప సభ అన్నాడు. ఫొటోకు దండ తెప్పించాడు. మా షాపుకు ఫోన్ చేసి, పేరు పెద్ద అక్షరాల్లో మళ్ళీ అదే చోట వెయ్యమన్నాడు. బతికుండగా వద్దని మొత్తుకున్నదాన్ని, పోయాక గౌరవమని వేస్తారట. మళ్ళీ నేనే వెళ్ళాను, కావాలని. బొమ్మ మొత్తం పీకేద్దామనే వెళ్ళాను.

అక్షరాల స్టిక్కర్ చుట్ట చంకలో పెట్టుకుని బయట ఫుట్‌పాత్ మీద నిలబడి అద్దాన్ని చూశాను. అక్కడి నుంచి చూస్తే తీగ ఎడమ నుంచి కుడికి ఎక్కుతోంది. లోపలివాళ్ళకు తప్పుగా ఉన్న బొమ్మ రోడ్డుకు ఒప్పుగా ఉంది. ఆమెను ఎప్పుడూ వెనక గేటు నుంచి రానిచ్చి ఆ సోఫాలోనే కూర్చోబెట్టారు కాబట్టి ఇది చూడకుండానే పోయింది. ఇది తల్చుకుంటే నాకు ఇంకా కడుపు మండుతుంది.

పేరును అద్దం బయటివైపు, రోడ్డు నుంచి చదివేలా అంటించాను. ఒక్క బుడగ లేకుండా రుద్దాను.

సభ మొదలయ్యాక డిజైన్ హెడ్ మైకు పట్టుకుని ఆమె గొప్పతనం చెప్తూ వెనక్కి తిరిగాడు. చెప్పడం ఆపేసి, నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"ఏంటయ్యా ఇది, పేరు తిరగేసి పెట్టావు?"

"బ్యాలెన్స్ కోసం సార్. ఎవరు సూస్తరు?"

"మీ ఓనర్‌తో మాట్లాడతాను."

"మాట్లాడుండ్రి. గిట్లనే చెప్పుండ్రి, తీగ సరిగ్గ లేకుంటే పేరు సరిగ్గ రాదని."

హాస్టల్ అమ్మాయి వెనక వరసలో నిలబడి గట్టిగా నవ్వింది. సంతాప సభలో నవ్వొద్దని ఎవరో కసిరారు. టీచరమ్మ ఉంటే ఆమే ముందు నవ్వేది.

ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇంకా తెలీదు. కోపం తగ్గలేదు, తగ్గించుకోను కూడా. నిచ్చెన భుజాన వేసుకుని బయటికొచ్చి రోడ్డు దాటి ఆగాను. చిక్కుడు తీగ తన దారిన పైకి పోతోంది, కింద ఆమె పేరు తిన్నగా కనపడుతోంది. అక్షరాల వెనక, అద్దం లోపలి నుంచి, ఆ డిజైన్ హెడ్ గోటితో గీకుతున్నాడు. గోరు జారుతోంది. మళ్ళీ గీకుతున్నాడు.