శాన్ హోర్హే దాకా తోడు

మా మెలానియా అత్త పంతొమ్మిదేళ్ళు సరస్సు దాటలేదు. నికరాగువా సరస్సు నడుమ ఒమెతెపె దీవిలో పుట్టినవాళ్ళకి ఇది చిన్న సంగతి కాదు. మంచి గుడ్డ కావాలన్నా, పెద్ద డాక్టరు కావాలన్నా గంటసేపు పడవలో కూర్చుని అవతలి ఒడ్డున శాన్ హోర్హేలో దిగాలి. అత్త మాత్రం పన్ను పుచ్చిపోతే ఇక్కడి మంగలి చేతే పీకించుకుంది.

కారణం శాన్ హోర్హేలోనే ఉంది. ఆమె భర్త పేరు ఎవరిస్తో. ఆ పడవలోనే ఇంజను మనిషి. రేవులో వేయించిన చేపలమ్మే ఉబల్దినా ఇంటికి ఒకసారి భోజనానికి వెళ్ళి, మళ్ళీ ఈ ఒడ్డుకి కాపురానికి రాలేదు. అత్త ఏడవలేదు. అతని గదికి సున్నం వేయించి, తలుపుకి కొత్త గడియ పెట్టించి, దీవి చూడ్డానికి వచ్చేవాళ్ళకి అద్దెకివ్వడం మొదలుపెట్టింది. అరటితోట తనే చూసుకుంది. ఎవరైనా అతని పేరెత్తితే ఆమె తిట్టే తిట్లకి పెరట్లో కోళ్ళు కూడా పక్కకి తప్పుకునేవి.

పోయిన నవంబరులో ఎవరిస్తో చనిపోయాడని పడవవాళ్ళు కబురు తెచ్చారు. అత్త చిక్కుడు గింజలు ఏరుతోంది. విని, మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది. వెళదామా అని నేనడిగితే, ఆ ఇంటి గడప తొక్కనంది.

అతను పోయిన ఆరో రోజున నెలిదా వచ్చింది. యాభై దాటిన అర్జెంటీనా మనిషి, మందుల షాపులో ఉద్యోగం. వారం సెలవు పెట్టి ఒక్కతే నికరాగువా చూడ్డానికి బయలుదేరిందట. మా అగ్నిపర్వతం ఎక్కాలని మూడు రోజులకి గది తీసుకుంది. వానలు. కొండకి నడుము దాకా మబ్బు. దారి చూపేవాడు రానన్నాడు. దాంతో ఆమె అత్త వంటింట్లో కూర్చుని కాఫీ తాగుతూ పొద్దుపుచ్చింది.

మర్నాడు గింజల బస్తా వెనక వెలుగుతున్న కొవ్వొత్తి ఆమె కంటపడింది. ఎవరి కోసమని అడిగింది. మాకెవరికీ చెప్పని మాట అత్త ఆమెకి చెప్పింది. కబురు తెలిసినప్పటి నుంచి రోజూ ఎవరిస్తో పేరు మీద జపమాల తిప్పుతోందట. వాన తెరిపిచ్చిందని నేను కిటికీ అవతల బట్టలారేస్తున్నాను. ఉన్నచోటే ఉండిపోయాను.

"ఎల్లుండి ఉబల్దినా ఇంట్లో అతనికి తొమ్మిదో రోజు ప్రార్థన. వెళ్ళాలనే ఉంది. కానీ ఒక్కదాన్నే ఆ వాకిట్లో ఎలా నిలబడను?" అంది అత్త.

"మీ మేనకోడలు ఉందిగా?"

"అదా? దాన్ని తీసుకెళితే నేను పడవ దిగేలోపే ఊరంతా తెలిసిపోతుంది."

కోపం వచ్చింది గాని, కాదనలేను.

నెలిదా కాఫీ కప్పు కింద పెట్టి, "ఎల్లుండి నేనూ ఆ పడవే ఎక్కాలి. కలిసి వెళదాం రండి" అంది.

అత్త ముదురు నీలం గౌను వేసుకుంది. చేతులూపుకుంటూ వెళ్ళడం బాగుండదని ఒక అరటి గెల కొట్టించింది. ఆ రోజు గాలి ఎక్కువగా ఉండి, అలలకి అత్త దారి పొడుగునా వాంతులు చేసుకుందట. నెలిదా ఆమె నుదురు పట్టుకుని కూర్చుందట.

ఉబల్దినా ఇంటి వాకిట్లో బెంచీలు, లోపల తెల్ల దుప్పటి పరిచిన బల్ల, పూల మధ్య ఎవరిస్తో ఫోటో. జుట్టంతా నెరిసిపోయి ఉంది. నెరిసిన జుట్టుతో అత్త అతన్ని ఎప్పుడూ చూడలేదు. వాకిట్లోనే ఆగిపోయింది. నెలిదా ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఆయాసపడుతూ ఒక సన్నపాటి మనిషి బయటికి వచ్చి, అత్త ముఖం చూసింది, గెల చూసింది.

"పచ్చివా, పండినవా?" అని అడిగింది ఉబల్దినా.

"పచ్చివే. వేయించుకోడానికి."

"అయితే లోపలికి రండి. నూనె కాగుతోంది."

ఇద్దరూ పొయ్యి దగ్గర నిలబడి కాయలు ఒలిచారు. చాలాసేపటికి ఉబల్దినా అడిగింది. "మీ దగ్గర కాఫీలో పంచదార ఎంత వేసుకునేవాడు?"

"మూడు చెంచాలు."

"నా దగ్గర నాలుగు."

"అందుకేనేమో మీ దగ్గరుండిపోయాడు" అంది అత్త. ఉబల్దినా నవ్వబోయి ఏడ్చింది. అప్పుడు అత్త కూడా ఏడ్చిందట, పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి.

నెలిదా వచ్చినవాళ్ళకి కాఫీ అందిస్తూ తన బస్సు వదిలేసుకుంది. ప్రార్థన అయ్యాక మరో బస్సులో మనాగువా వెళ్ళిపోయింది. ఆమె విమానం మర్నాడే. అగ్నిపర్వతం శిఖరం ఒక్కసారీ కనబడలేదు ఆమెకి. మళ్ళీ ఉత్తరం గాని, ఫోను గాని రాలేదు. అత్త ఆమె ఇంటిపేరు కూడా అడగలేదు.

ఆ పూట ఆఖరి పడవ వెళ్ళిపోవడంతో అత్త ఉబల్దినా ఇంట్లోనే పడుకుని, తెల్లవారి వచ్చింది. ఇప్పుడు నెలకోసారి వెళుతుంది. ఉబల్దినాకి ఆయాసం, ఎవరిస్తో సమాధి దగ్గర గడ్డి పీకడం ఆవిడ వల్ల కాదు, అత్తే పీకుతుంది. సమాధికి ఏ రంగు వెయ్యాలన్న దగ్గర మాత్రం ఇద్దరికీ పడటం లేదు. నీలం అంటుంది అత్త. తెలుపంటుంది ఆవిడ. ఇంకా సిమెంటు రంగులోనే ఉంది.