బల్లి ఇప్పించిన ఉద్యోగం

ఇంట్లోంచి బయలుదేరుతుంటే ఎవరో తుమ్మారు. జీవితంలో ఒక్కసారైనా మీరు ఆగకుండా గడప దాటారా? ఆ రోజుల్లో నేను దాటేవాణ్ణి, పైగా తుమ్మినవాళ్లకు ధన్యవాదాలు చెప్పి మరీ. హేతువాద సభల్లో చప్పట్లు మరిగిన వయసు. ఎంఏ ఇంగ్లిషు చదివి ఖాళీగా ఉన్నాను. మా నాయన ఒకటే మాట తేల్చేశాడు: “ఈ నౌకరి గిన రాకుంటే, వచ్చి చేగుంటల మన ఎరువుల దుకాణంల కూసో.”

నౌకరి మెదక్‌లో, చర్చి వెనక వీధిలోని ప్రైవేటు బడిలో. ముందు డెమో క్లాసు చెప్పాలి. ప్రిన్సిపల్ మేడం నా పక్కనే నిలబడి, పిల్లలకు ‘ఆమినస్’ అనే మాట వివరించమంది. నాకు పండగే. ఓమెన్ అంటే శకునం, అది మంచిదైనా చెడ్డదైనా కావచ్చు. ఆమినస్ మాత్రం కీడును సూచించేదే అని చెప్పాను. నల్లమబ్బుకు ఆ మాట వాడండి, దాని వెనక నిజంగానే వాన ఉంటుంది. పిల్లికి వాడితే మన తెలివికే అవమానం అన్నాను. (ఈ చివరి ముక్క ఏ నిఘంటువులోనూ లేదు.) సరిగ్గా అప్పుడే గోడ మీది బల్లి మేడం కుడి భుజం మీద పడింది. ఆమె దులిపేసరికి ఎగిరొచ్చి నా కుడి భుజం మీద వాలి, తన దారిన తను పోయింది. తరగతి బిగుసుకుపోయింది. “సార్, గిది ఆమినస్ సైలెన్సా?” అంది ముందు బెంచీ అమ్మాయి. మాట వాడిన తీరులో తప్పు పట్టడానికి లేదు.

“ఆడోళ్లకు కుడి పక్క పడొద్దు,” అంటూ మేడం వరండాలోకి పరుగెత్తింది. అక్కడ ముసలి ఆయమ్మ ఉంది. కంచిలో బంగారు బల్లిని ముట్టొచ్చిన మనిషి. ఆమెను ముట్టుకుంటే బల్లి పడ్డ ఫలం, కీడైనా మేలైనా, పోతుందని బడంతా నమ్మకం. మేడం ఆమె చెయ్యి పట్టుకుని స్థిమితపడింది. నేను వదల్లేదు. “ఒకటే బల్లి. మీకు కీడు, నాకు మేలు ఎట్లయితది మేడం? మనిషిని చూసి పడ్డదా అది?”

“మొగోళ్లకు కుడి పక్క లాభం సారూ. మీకు నౌకరి రాసిపెట్టి ఉన్నది. నేనెందుకు అడ్డం పడాలె? సోమవారం నుంచి రండ్రి.”

నా పాఠానికి కాదు, బల్లికి ఉద్యోగమా? రోషం ముంచుకొచ్చింది. “అయితే నేను గూడ ముట్టుకుంట. ఆ లాభం పోనీయండ్రి. ఇగ నా పాఠం చూసి ఇయ్యుండ్రి,” అని చెయ్యి చాపాను. ఆయమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుంది. “వద్దు బిడ్డా, నౌకరి పోతది. అమ్మానాయిన లేరా నీకు?” నేను ఎటు జరిగితే ఆమె దానికి రెండో వైపు తిరుగుతుంది. (పొద్దున నాకు గేటు తీస్తూ మోకాళ్ల నొప్పులని మూలిగిన మనిషి.) పిల్లలంతా కిటికీల దగ్గర చేరి ఆయమ్మకే జై కొడుతున్నారు. చివరికి అలిసిపోయింది నేనే.

సోమవారం చేరాను. మొదటి జీతంతో మూఢనమ్మకాల మీద కరపత్రం వేశాను. “బల్లిశాస్త్రం అబద్ధమైతే నీ నౌకరి ఎట్లొచ్చిందిరా?” అని చుట్టాలు నేటికీ నిలదీస్తారు. ఎన్నో వాదాలు గెలిచాను గానీ దీనికి జవాబు దొరకలేదు. ఒక ముక్కూ మొహం తెలియని కుర్రాడి అన్నం పోకూడదని చేతులు దాచుకున్న ఆ ముసలామె గుర్తొస్తే, ఆ ఓటమి మీద కోపం కూడా రావడం లేదు; వయసైపోతున్నట్టుంది. కాబట్టి నా పరువు ఇక మీరే నిలబెట్టాలి. ఈసారి మీ మీద బల్లి పడితే పంచాంగం తెరవకండి. భుజం దులుపుకుని, చేస్తున్న పని పూర్తి చేయండి.