ముప్పై తొమ్మిదో ఆటగాడు

మా మేనత్త ఇరవై రెండేళ్లు గోదాములో క్రేన్ నడిపింది. మోకాళ్లు మొరాయించి నిచ్చెన ఎక్కలేకపోయాక, నేను వీడియో గేములకు కోడ్ రాసే ఆఫీసులోనే నెల రోజుల కాంట్రాక్టు మీద చేరింది. కొత్తవాళ్లను కూర్చోబెట్టి గేము ఆడించడం, వాళ్ల చెయ్యి ఎక్కడ తడబడుతోందో రాయడం ఆవిడ పని. తను మాత్రం ఒక్క గేమూ ఆడి ఎరగదు. అయినా ఆ చూపు ఉందే, మూడు బల్లల అవతల నేను చప్పుడు కాకుండా చిప్స్ ప్యాకెట్ విప్పినా పట్టేసేది.

కొత్త గేములో ప్రాణం నిలబెట్టే మందు తాగే బటనూ, ఆ మందు పారేసే బటనూ పక్కపక్కనే ఉన్నాయి. రెండూ గుండ్రమే, రెండూ ఎరుపే. అలా పెట్టిన ఘనుణ్ణి నేనే. చూడ్డానికి ముద్దుగా ఉంటాయనుకున్నాను. నలభై మందిని ఆడిస్తే, ముప్పై ఎనిమిది మంది ప్రాణం మీదికొచ్చిన సమయంలో మందు పారేసి చచ్చారు.

ఆడిన ఒక్కొక్కరి రిపోర్టులో ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. అత్త సంతకం లేనిదే గేము బయటికి పోదు. పెద్దసారు వచ్చి, "అన్నింట్లో ‘ఆడేవాడి పొరపాటు’ అని రాసెయ్యండమ్మా. శుక్రవారం పంపాలి" అన్నాడు.

"రాయను సారూ."

"ఏం?"

"ఒకడు చేస్తే వాడి పొరపాటు. ఇంతమంది అదే చేస్తే మనం చేయించినట్టే. నా క్రేన్‌లో ఎత్తే లివరూ దించే లివరూ చేతికి ఒకేలా తగిలేవి. కంగారులో కిందికి చూసుకునే తీరిక ఎవడికుంటుంది? ఒకదానికి గుడ్డ చుట్టాను. సూపర్‌వైజర్ విప్పేశాడు. మళ్లీ చుట్టాను."

"ఇది ఆట తల్లీ! ఇందులో ఎవరూ నిజంగా చావరు."

"అయితే మీరే ఒకసారి కూర్చోండి."

సారు కాలర్ సర్దుకుని కూర్చున్నాడు. రాక్షసుడు మీదపడే సమయానికి నేను స్పీకర్ శబ్దం ఆఖరిదాకా పెంచేశాను. అది అత్త చెప్పలేదు, నా సొంత సేవ. సారు ఉలిక్కిపడి బటన్ నొక్కాడు. మందు సీసా ఎగిరి గోతిలో పడింది. వెనకాలే సారూ పడ్డాడు.

అత్త పెన్ను మూత తీసింది. "ముప్పై తొమ్మిది. ఏం రాయమంటారు, ఆడేవాడి పొరపాటేనా?"

ఆఫీసులో అందరికీ ఒక్కసారిగా దగ్గు వచ్చింది.

"శుక్రవారంతో మీ కాంట్రాక్టు అయిపోతుంది. గుర్తుందా?"

"అప్పటిదాకా చెల్లేది నా సంతకమే. మీకు గుర్తుందా?"

అని, ప్రతి గడిలోనూ ‘మా మేనల్లుడి తప్పు’ అని రాసి సంతకం పెట్టింది.

"అత్తా! నా పరువు తీశావు కదే!"

"ఉంటేగా తియ్యడానికి. బటన్ మార్చు, పోరా."

శుక్రవారం గేము పోలేదు. అత్త కాంట్రాక్టూ పొడిగించలేదు. సోమవారం తొమ్మిదింటికి ఆవిడ మామూలుగా వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మిమ్మల్నెవరు రమ్మన్నారు?" అన్నాడు సారు.

"ముప్పై తొమ్మిది మంది. అందులో మీరూ ఉన్నారు."

సారు గదిలోకి పోయి, కాసేపటికి కొత్త కాంట్రాక్టు కాగితం తెచ్చి బల్లమీద పడేశాడు. అత్త దాన్ని మోచేత్తో పక్కకు నెట్టి, నేను మార్చిన బటన్ వైపు చూసింది.

"ఇంకా దూరం జరపరా."