తారు పూసిన జీపు

లోకనాథం జీపు కదలాలంటే డాలీగంజ్‌లో చేపలమ్మే ఆడవాళ్ళంతా కొంగులు బిగించాలి. తెల్లారేసరికి వాళ్ళను జంగ్లీఘాట్‌లో చేపల వేలంపాటకు చేర్చేది ఆ ముసలి జీపే. డబ్బులిచ్చి మరీ బండి తోసే ప్రయాణికులు ఈ దీవుల్లో ఇంకెక్కడా ఉండరు.

ఆ రోజు ఉదయం వాళ్ళ ఓపిక కాస్తా అయిపోయింది. తోసి తోసి వెళ్ళేసరికి పాట ముగిసింది, మిగిలినవి మెత్తబడ్డ చేపలు. వాళ్ళలో గవరమ్మ ఖాళీ గంపను జీపులోకి విసిరికొట్టింది.

"ఎక్కడానికి డబ్బులిత్తన్నామా, తొయ్యడానికా? రేపు కూడా తొయ్యమన్నావంటే యుగంధర్ బండెక్కేత్తాం, అంతే!"

యుగంధర్‌ది కొత్త వ్యాన్. ఆ పేరు వింటేనే లోకనాథానికి ఒళ్ళు మండుతుంది. ఈ ఆడవాళ్ళు తప్ప అతనికి వేరే బేరం లేదు. వాళ్ళు పోతే జీపూ మూలపడుతుంది, తనూ మూలపడతాడు.

అతను చేయని ప్రయత్నం లేదు. కొత్త బ్యాటరీ వేశాడు. లైట్లు వెలిగాయి, హారన్ మోగింది, సెల్ఫ్ స్టార్టర్ మాత్రం 'టక్' మని ఊరుకుంది. పాత కేబుల్ తొడుగు చీల్చి చూస్తే లోపల రాగి తీగ పచ్చటి పొడైపోయింది. ఉప్పుగాలి తినేసింది. కొత్త కేబుళ్ళ కోసం మిడిల్ పాయింట్‌లో దుకాణాలన్నీ తిరిగాడు.

"జహాజ్ ఆనే దో, భయ్యా," ఓడ రానీ అని అందరిదీ ఒకటే మాట. ఓడలు వచ్చాయి. ఉల్లిపాయలు వచ్చాయి, సిమెంటు వచ్చింది, కేబుళ్ళు రాలేదు. మొన్నటి ఓడలో ఎలాగో వచ్చాయి.

గవరమ్మ గంప విసిరిన ఆ మధ్యాహ్నమే జీపు కింద దూరాడు. బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు ఎర్ర కేబుల్, బ్యాటరీ నుంచి అడుగు చట్రానికి, అంటే ఛాసీకి, నల్ల కేబుల్. బోల్టులన్నీ బిగించి భార్యను కేకేశాడు.

"మంజూ, తాళం తిప్పు!"

టక్.

"మళ్ళీ తిప్పే!"

టక్.

లోకనాథం పిచ్చెత్తినట్టు అరిచాడు. "దీన్ని సముద్రంలో తోసేత్తాను!"

"తొయ్యాలన్నా మళ్ళీ గవరమ్మోళ్ళే రావాల," అంది మంజు.

ఆ కోపంలో నల్ల కేబుల్ బోల్టును పానాతో బలంగా గుంజాడు. పానా జారి ఛాసీ మీద గీసుకుంది. పెచ్చు ఊడింది. దాని కింద ఇంకో పెచ్చు. గోటితో గీరితే తారు, మళ్ళీ తారు. ఇనుము ఎక్కడా లేదు.

అతని తండ్రి అప్పలరాముడు ఏటా వానలకు ముందు పడవను ఒడ్డుకు లాగి అడుగున తారు పూసేవాడు. పడవ లేని కొడుకు ఆ పని జీపుకు చేస్తూ వచ్చాడు. బోల్టులు విప్పి సందు వదలకుండా పూయడం, ఆ తారు మీదే కేబుల్ మళ్ళీ బిగించడం. తుప్పు దరిచేరలేదు నిజమే. సెల్ఫ్ తిప్పేంత కరెంటు కూడా దరిచేరలేదు. బ్యాటరీని తిట్టాడు, ఓడను తిట్టాడు, యుగంధర్‌ను తిట్టాడు. తప్పు తను ప్రేమగా పూసిన పూతదని తెలిశాక తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.

తారంతా గీకి, ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, కేబుల్ బిగించాడు. మంజు తాళం తిప్పగానే ఇంజిన్ గర్జించింది. అతనికి సంతోషం రాలేదు, సిగ్గేసింది.

మర్నాడు రోజూ ఆగే మలుపులో ఇంజిన్ ఆపి ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. యుగంధర్ వ్యాన్ నిండుగా ముందే వెళ్ళిపోయింది. ఇంటికి తిరుగుదామనుకుంటుండగా వెనక అలికిడైంది. ఆ ఆడవాళ్ళందరిలోకీ పెద్దది, సింహాచలమ్మ, గంప కిందపెట్టి రెండు చేతులూ జీపుకు ఆనించి నిలబడి ఉంది.

"మిగతావోళ్ళు ఎల్లిపోనారు నాయినా. నువ్వు కూకో, నాను తోత్తాను."

"నిన్నెవలు తొయ్యమన్నారు? వచ్చి ఎక్కు అత్తా!" అని కసిరాడు. కసరకపోతే ఏడ్చేసేవాడు.

ఆమె గొణుక్కుంటూ ఎక్కి కూర్చుంది. అతను తాళం తిప్పాడు. జీపు ఒక్కసారిగా కదిలింది.

సింహాచలమ్మ ఉలిక్కిపడి, ఎవరు తోశారా అని వెనక్కి తిరిగి చూసింది.