చొల్లంగి ముందురోజు మడ అడవిలో

ముప్పైమూడేళ్ళు కాలువల శాఖలో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం లాకుల దగ్గరే గడిచింది. రాతిగోడ మీద చెక్కిన అంకెల్ని రోజుకి మూడుసార్లు చూసి, నీరు ఎంత ఎత్తున ఉందో రిజిస్టరులో ఎక్కించడం నా పని. ఇంటికొచ్చాక సొంత డైరీ రాసుకునేవాణ్ణి. రిటైరైన రోజున రిజిస్టరు ఆఫీసులో అప్పగించి వచ్చాను. డైరీ అలవాటు మాత్రం నాతోనే ఉండిపోయింది. ఈ సంగతి కూడా ఆ ఏటి డైరీ ఎదురుగా పెట్టుకునే రాస్తున్నాను.

రిటైరైన రెండో ఏడు, తొంభైల చివరి మాట. చొల్లంగి అమావాస్యకి సముద్రస్నానం చెయ్యాలని మా ఆవిడ ఎన్నాళ్ళుగానో అంటోంది. కొవ్వూరు నుంచి ముందురోజే బయలుదేరి, కాకినాడలో ఆవిడ చెల్లెలింట్లో ఆగి, తెల్లవారాక స్నానానికి వెళ్ళాలని ఏర్పాటు. ద్రాక్షారామం, యానాం మీదుగా పోయే బస్సెక్కితే దారిలో కోరంగి తగులుతుంది. అక్కడి మడ అడవిలో చేపల్ని పట్టి తినే నీటికుక్కలు తిరుగుతాయని విన్నాను. ఓ గంటన్నర పడవలో తిరిగి మళ్ళీ బస్సెక్కుదామని పట్టుబట్టింది నేనే. డైరీలో ముందే రాసుకున్నాను. తొమ్మిదింబావుకి కోరంగి, టిఫిను. పదికి పడవ. పదకొండున్నరకి వెనక్కి. పన్నెండున్నరకి భోజనం.

భోజనం వేళ అంత కచ్చితంగా రాయడానికి కారణం ఉంది. మా ఆవిడకి షుగరు. మాత్ర వేసుకున్నాక వేళకి అన్నం పడకపోతే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, మాట తడబడుతుంది. అంతకు ముందు ఏడు వంటింట్లో అలాగే పడిపోయింది. ఇంకో అరగంట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని డాక్టరు నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

కోరంగిలో రోడ్డు పక్క కాకా హోటల్లో ఇడ్లీ తిని ఆవిడ మాత్ర వేసుకుంది. సామాను అక్కడే బల్ల కింద పెట్టాం. పులిహోర, పెరుగన్నం ఉన్న క్యారేజీని కూడా అక్కడే పెట్టించాను.

"అదెందుకండీ ఇక్కడ? తీసుకెళదాం" అంది.

"పదకొండున్నరకి వచ్చేస్తాంగా. పడవలో ఒలికిపోతుంది."

షుగరు పడిపోతే నోట్లో వేసుకునే పటికబెల్లం పొట్లం ఉండే ఆవిడ చేతిసంచి కూడా ఆ సామానులోనే ఉండిపోయింది. డైరీ, పెన్సిలు మాత్రం నా జేబులో ఉన్నాయి.

పడవ నడిపినతనికి నలభై ఏళ్ళుంటాయి. చేపల వేట మనిషి. ఎక్కేముందే చెప్పాడు. "పోటు అయిపోయిందండి బాబుగారూ, నీరు తీస్తోందండి. ఈ పెద్ద పాయలో తిప్పి తీసుకొచ్చేత్తానండి. సన్నపాయల్లోకి మాత్రం వద్దండి."

పెద్ద పాయలో నీటికాకులు, లకుముకి పిట్టలు, తెల్లకొంగలు కనపడ్డాయి. అన్నీ రాసుకున్నాను. నీటికుక్కలు మాత్రం కనపడలేదు. ఎక్కడుంటాయంటే, పక్కనున్న సన్నపాయ వైపు చూపించి నాలిక్కరుచుకున్నాడు. అక్కడికే పోనిమ్మన్నాను.

ఆ పాయ రెండు పడవలు పక్కపక్కన పట్టనంత ఇరుకు. రెండువైపులా ఉప్పుపొన్న చెట్లు, వంగిన వేళ్ళని నీళ్ళలోకి దింపి నిలబడ్డాయి. పదకొండుంబావుకి అతను "ఇంక పోదామండి" అన్నాడు. నేను ఒక వేరు మీద నీటి మట్టానికి పెన్సిలుతో గీత పెట్టాను. పావుగంటకి నీరు రెండు వేళ్ళు దిగింది. గంటకి ఎనిమిది వేళ్ళు. పడవ కింద మూరెడు నీరుంది. లెక్క చెప్పి, ఇంకో అరగంట చూద్దామన్నాను.

"రేపు చొల్లంగండి. అమావాస్య నీరండి. ఒక్కసారే లాగేత్తాదండి."

"నీళ్ళు కొలిచి బతికినవాణ్ణయ్యా నేను."

"ఆయ్, మీ ఇష్టమండి."

లాకు మూస్తే కాలువ నీరు ఏ గంటకా గంట ఒకే తీరుగా దిగుతుంది. సముద్రం దగ్గర అలా కాదు. మొదట మెల్లిగా దిగి, మధ్యలో పరుగెత్తుతుంది. అమావాస్య స్నానానికని ఇల్లు కదిలిన నాకు, ఆ అమావాస్యే నీటిని లాగుతుందన్న సంగతి తట్టలేదు. పన్నెండు గంటలకి పడవ అడుగు బురదకి ఆనింది. అతను దూకి నెట్టబోతే తొడల దాకా దిగిపోయాడు. ఎంత నెట్టినా పడవ కదల్లేదు.

"మళ్ళీ పోటు వత్తే గానీ లేవదండి. ఐదున్నరవుద్దండి."

మా ఆవిడ వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టుకుంది. "మీ డైరీని మోసుకొచ్చారు. నా అన్నాన్ని బల్ల కింద పెట్టించారు" అంది. అందులో కోపం కూడా లేదు.

ఒక గంటలో నీరు పూర్తిగా పోయింది. పాయ ఉన్నచోట గుంట మిగిలింది, గుంట అడుగున మేం. గట్లు తలకంటే ఎత్తుకి లేచాయి. రోడ్డు మీద లారీ హారన్లు సన్నగా వినపడుతూనే ఉన్నాయి. మా కేకలు మాత్రం అటు వెళ్ళలేదు. నడిచి పోదామని ఒక కాలు కిందికి దింపాను. మోకాలు దాటి దిగిపోయింది. అతను రెక్క పట్టుకుని లాగితే పైకొచ్చాను, చెప్పు రాలేదు. తరవాత కూర్చోవడం తప్ప పని లేదు. బురదలో ఎర్ర పీతలు కన్నాల్లోంచి వస్తూ పోతూ ఉన్నాయి. వేలెడంత చేపలు బురద మీద గెంతుతున్నాయి. అన్నిటికీ అక్కడ దారి ఉంది.

ఒంటిగంటకి అతను పడవ ముందు భాగంలోంచి సత్తుగిన్నె తీశాడు. మూత తియ్యకుండా నా వైపు చూశాడు. "చద్దన్నం ఉందండి. ఎండురొయ్యలు కలిపేశానండి. మరి మీరు..."

"వద్దులే, మేం తినం" అన్నాను.

అతను తినలేదు. గిన్నె పక్కన పెట్టేశాడు.

రెండు గంటలకి మా ఆవిడ నుదుటి మీద చెమట చూశాను. కొంగుతో తుడుచుకోబోయి చెయ్యి పక్కకి పోయింది. ఏదో అడిగితే పొంతన లేని జవాబు చెప్పింది. నేను ఆవిడ చేతులు పట్టుకుని గడియారం చూస్తున్నాను. గడియారం చూస్తే ఏం ఒరుగుతుందని ఇప్పుడనిపిస్తుంది. గిన్నె మా ఇద్దరి మధ్యే ఉంది. మర్నాడు పుణ్యస్నానం. ఆవిడ పుట్టి బుద్ధెరిగి నీచు ముట్టలేదు. ఆ మాటే మనసులో తిరుగుతోంది తప్ప చెయ్యి కదల్లేదు.

చెయ్యి చాపింది ఆవిడే. "ఇటివ్వు బాబూ."

అతను కంగారుపడి రొయ్యలు ఏరెయ్యబోయాడు. "ఏరకు, వేళయిపోతోంది" అని గిన్నె లాక్కున్నంత పని చేసింది. వణికే వేళ్ళతో నాలుగు ముద్దలు తింది, అతనిచ్చిన నీళ్ళు తాగింది. పావుగంటకి కాస్త తేరుకుని, "ఎలాగూ రేపు సముద్రంలో మునుగుతాంగా" అంది. అతను నవ్వలేక నవ్వాడు. మిగిలింది నువ్వూ తినమంటే, "మీరే కొంచెం కొంచెం తినండమ్మగారూ, పోటుకి ఇంకా చాలా టైముందండి" అని మూతపెట్టి ఆవిడ పక్కనే ఉంచాడు. సాయంత్రం దాకా ఆవిడ అదే తింది.

మూడు దాటాక, "అదుగో, మీ కుక్కలు" అంది. ఐదు నీటికుక్కలు గట్టు మీద నుంచి బురదలోకి జారి, మా పడవకి పది గజాల్లో వరసగా పోయాయి. పెన్సిలు తియ్యబుద్ధి కాలేదు.

ఐదున్నరకి పడవ కింద చిన్న చప్పుడైంది. కదిలింది. హోటల్లో క్యారేజీ అలాగే ఉంది, పులిహోర చెడలేదు. పడవతనికి పెట్టబోతే మా ఆవిడ నన్ను పక్కకి తప్పించి తనే విస్తరాకు వేసి వడ్డించింది.

మర్నాడు స్నానమయ్యాక, చెల్లెలింటి అరుగు మీద కూర్చుని డైరీ పూర్తిచేశాను. పిట్టల పేర్లు రాశాను. నీటికుక్కలు ఐదు అని రాశాను. "నీరు తీయుటచే పడవ నిలిచిపోయి ఆలస్యమైనది" అని రాశాను. మా ఆవిడ తల ఆరబెట్టుకుంటూ వచ్చి, "ఏం రాశారేంటి?" అని తీసుకుని చదివింది. పెళ్ళయినప్పటి నుంచి నా డైరీ ఎన్నడూ అడగలేదు. చదివాక పెన్సిలు కూడా అడిగింది.

ఆ పేజీ కింద ఆవిడ గుండ్రటి అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి. "ఒంటిగంటకే అన్నం పెడతానన్నాడు. వద్దన్నది ఈయన. నన్ను అడగలేదు."

చదివి పెన్సిలు తీసుకున్నాను. పైన నేను రాసిన ఆలస్యం వాక్యాన్ని కొట్టేసి, ఆవిడ వాక్యాల పక్కన, లాకుల రిజిస్టరులో సరిచూసిన అంకె పక్కన పెట్టినట్టే నా పొడి అక్షరాల సంతకం పెట్టాను.